పాత కంప్యూటరుకు కొత్త మెదడు అవసరమా?

ఆటల కోసం ప్రాసెసరు మార్చే ముందు చూసుకోవలసిన సంగతులు

మాదాపూర్: చేవెళ్ళ ప్రాంతంలోని ఒక గ్రామంలో కూరగాయలు పండించే ఒక రైతు ఇంట్లో 2025 దసరా పండుగకు చిన్న పంచాయితీ వచ్చింది. ఆ రైతు పెద్ద కుమారుడు కొండాపూర్‌లో ఇద్దరు స్నేహితులతో కలిసి గది అద్దెకు తీసుకుని, మాదాపూర్‌లోని ఒక కంపెనీలో చిన్న ఉద్యోగం చేస్తున్నాడు. పండుగకు ఇంటికి వచ్చిన అతడు తండ్రిని రూ. 38,500 అడిగాడు. చదువుకునే రోజుల్లో, 2018లో, కొన్న కంప్యూటరు పాతబడిపోయిందని, ఆటలు ఆడుతుంటే బొమ్మ ఆగి ఆగి కదులుతున్నదని, లోపలి ప్రాసెసరు మారిస్తే తప్ప లాభం లేదని అతని వాదన. తండ్రి దగ్గర టమోటా అమ్మిన డబ్బు కొంత ఉన్న మాట నిజమే. కాని అది యాసంగి సాగుకు, బోరు మరమ్మతుకు దాచిన డబ్బు.

ఆటల కోసం ఇంత ఖర్చా అని తల్లి కోప్పడింది. పొద్దంతా ఉద్యోగం చేసి, ఆదివారం నాడు స్నేహితులతో కలిసి జట్టుగా ఆడుకోవడం తనకున్న ఒకే ఒక్క సరదా అని, యంత్రం సరిగా లేక జట్టులో వెనుకబడుతున్నానని కుమారుడు చెప్పుకున్నాడు. ఇవి డబ్బులు పణంగా పెట్టి ఆడే ఆటలు కావని కూడా వివరించాడు.

ఇటువంటి పంచాయితీ ఈ ఒక్క ఇంటిదే కాదు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ రంగారెడ్డి జిల్లాలోని గ్రామాలే. ఇప్పుడు అవి అద్దాల మేడలతో నిండిపోయాయి. జిల్లాలోని పల్లెల నుంచి వందలాది యువకులు అక్కడకు పనికి పోతున్నారు. వారితోపాటు కంప్యూటరూ, దాని ఖర్చులూ పల్లె ఇళ్ళకు వచ్చి చేరాయి. పొలానికి పోవలసిన రూపాయి అటు పోవాలా వద్దా అని తేల్చుకోవలసిన పని తల్లిదండ్రుల మీద పడుతున్నది.

విచిత్రమేమిటంటే, ఈ ప్రాసెసర్ల రూపకల్పనలో కొంత భాగం ఇక్కడే జరుగుతున్నది. ప్రపంచంలో బల్ల మీది కంప్యూటర్లకు ప్రాసెసర్లు అందించే రెండు పెద్ద సంస్థలు ఇంటెల్, ఏ.ఎం.డి. రెండింటికీ హైదరాబాదులో డిజైన్ కేంద్రాలు ఉన్నాయి. సెల్‌ఫోన్లకు చిప్‌లు చేసే క్వాల్‌కామ్‌కు కూడా ఇక్కడ పెద్ద కేంద్రం ఉన్నది. అయితే ఇక్కడ జరిగేది నమూనా గీసే పని మాత్రమే. ఏ.ఎం.డి. కొత్త ప్రాసెసర్లలో ముఖ్య భాగం తైవాన్‌లోని టి.ఎస్.ఎం.సి. కర్మాగారాల్లో తయారవుతుంది. కనుక మాదాపూర్ పక్కనే ఉన్నాము గదా, చవకగా దొరుకుతుందని అనుకుంటే పొరపాటే. కంప్యూటరు విడిభాగాల మీద నూటికి 18 రూపాయల జి.ఎస్.టి. కూడా కట్టవలసిందే. పై కుర్రవాడు అడిగిన రూ. 38,500లో ఐదు వేల ఎనిమిది వందల పైచిలుకు పన్నే.

పైపు చూశావా?

కుమారుడు చెప్పినదంతా విన్న తండ్రి ఒక్క ప్రశ్న వేశాడు. "మోటారు సంగతి సరే బిడ్డా, పైపు చూసినవా?"

ఆ ప్రశ్నకు కారణం ఉన్నది. అంతకు ముందు ఎండాకాలం అతని బోరు నీళ్ళు సన్నగా పోయసాగింది. మోటారు పాతదైంది, కొత్తది వేయించమని నలుగురూ చెప్పారు. కాని మెకానిక్ పైపులు పైకి తీయించి చూస్తే మోటారు లక్షణంగా ఉన్నది. మధ్యలో ఒక పైపు అతుకు దగ్గర చిల్లి పడి నీరంతా తిరిగి బోరులోకే జారిపోతున్నది. రెండు పైపులు మార్చేసరికి నీరు మామూలుగా వచ్చింది. కొత్త మోటారు కొని ఉంటే డబ్బూ పోయేది, నీరూ వచ్చేది కాదు.

కంప్యూటరు సంగతి కూడా సరిగ్గా ఇటువంటిదే. ఆటలో కనిపించే బొమ్మ ఒక్క ప్రాసెసరు వల్ల రాదు. ప్రాసెసరు లెక్కలు కడుతుంది. ఆటలోని మనిషి ఎక్కడ నిలబడ్డాడు, తూటా ఎటు పోయింది, గోడకు తగిలిందా లేదా అన్నది తేల్చేది అదే. తేల్చిన దానిని బొమ్మగా గీసేది గ్రాఫిక్స్ కార్డు. ఈ రెండింటికీ కావలసిన సరుకును చేతికి అందేటట్లు పట్టి ఉంచేది మెమరీ, అంటే ర్యామ్. గిడ్డంగిలా మొత్తం దాచి ఉంచేది హార్డ్ డిస్కు లేదా దానికన్నా వేగంగా పని చేసే ఎస్.ఎస్.డి.

బొమ్మ కదులుతున్నట్లు కనిపించాలంటే సెకనుకు 60 బొమ్మలైనా మారుతుంటే కంటికి హాయిగా ఉంటుంది. అంటే ఒక్కొక్క బొమ్మకు సెకనులో అరవయ్యో వంతు కాలమే వ్యవధి. ఆ వ్యవధిలో లెక్క కట్టడమూ, గీయడమూ రెండూ పూర్తి కావాలి. ఇద్దరిలో ఎవరు ఆలస్యం చేసినా రెండవవారు చేతులు కట్టుకుని నిలబడవలసిందే. కనుక ముందుగా తేల్చవలసింది ఆలస్యం ఎవరిది అన్నది.

ఇంట్లోనే పరీక్ష

దీనికి ఎవరికీ డబ్బు ఇవ్వనక్కరలేదు. ఆట నడుస్తుండగా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ అనే పట్టిక తెరుచుకుంటుంది. అందులో ప్రాసెసరు, మెమరీ, గ్రాఫిక్స్ కార్డు ఒక్కొక్కటి నూటికి ఎంత పని చేస్తున్నదీ కనిపిస్తుంది. గ్రాఫిక్స్ కార్డు నూటికి 95 దాటి పని చేస్తూ ఉంటే ఆలస్యం కార్డుదే. ప్రాసెసరు మార్చినా ఉపయోగం బహు తక్కువ. కార్డు సగం ఖాళీగా ఉన్నప్పటికీ బొమ్మ ఆగి ఆగి కదులుతుంటే అనుమానం ప్రాసెసరు మీదకో, మెమరీ మీదకో పోతుంది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ప్రాసెసరు నూటికి 40 మాత్రమే పని చేస్తున్నట్లు కనబడితే దానికి ఇంకా బోలెడు శక్తి ఉన్నదని అనుకుంటారు. ప్రాసెసరులో కోర్లు అనే భాగాలుంటాయి. ఆరు కోర్లంటే ఆరుగురు కూలీల లెక్క. ఆటలో బరువైన పని చాలావరకు ఒకరిద్దరి మీదనే పడుతుంది. ఒక్క కూలీ తల మీద మోయలేనంత మూట ఉండి, మిగిలినవారు చెట్టు నీడన కూర్చుంటే, మొత్తం మీద సగటు తక్కువగానే కనిపిస్తుంది. పని మాత్రం ముందుకు సాగదు.

అందుచేత మరొక పరీక్ష కూడా చేసుకోవడం మంచిది. ఆట అమరికలలోకి పోయి బొమ్మ పరిమాణాన్ని 1920-1080 నుంచి 1280-720కి తగ్గించాలి. అప్పుడు గీసే పని తగ్గుతుంది గాని, లెక్క కట్టే పని తగ్గదు. ఉదాహరణకు సెకనుకు 45 బొమ్మలు వచ్చేవి 75కు పెరిగితే ఇంతకాలం అడ్డుపడుతున్నది గ్రాఫిక్స్ కార్డే. 45 కాస్తా 47 అయి అక్కడే ఆగితే అడ్డు ప్రాసెసరు వైపు ఉన్నది.

తెర సంగతి కూడా మరువకూడదు. మామూలు తెరలు సెకనుకు 60 సార్లు మాత్రమే బొమ్మను మారుస్తాయి. అటువంటి తెర ముందు కూర్చుని సెకనుకు 150 బొమ్మలు వచ్చే ప్రాసెసరు కోసం వేలు పోయడం, రెండెకరాల పొలానికి పదెకరాల మోటారు బిగించినట్లే.

ఖర్చు లేని పనులు ముందు

చేవెళ్ళ కుర్రవాడు కొండాపూర్‌కు తిరిగి వెళ్ళి ఈ పరీక్షలన్నీ చేశాడు. అతని కంప్యూటరులో ఉన్నది 2017లో విడుదలైన ఏ.ఎం.డి. రైజన్ 5 1600 ప్రాసెసరు, దానికి జోడుగా 2016 నాటి జి.టి.ఎక్స్. 1060 కార్డు, 8 జి.బి. మెమరీ ముక్క ఒకటి. కథ నడిచే పెద్ద ఆటలలో కార్డు నూటికి 98 పని చేస్తున్నది. అంటే అక్కడ ప్రాసెసరు దోషం లేదు. స్నేహితులతో ఆడే కౌంటర్ స్ట్రైక్ 2లో మాత్రం కార్డు సగం ఖాళీగా ఉన్నది, 8 జి.బి. మెమరీ అంచుల దాకా నిండిపోయి ఉన్నది. ఒకే యంత్రంలో ఒక ఆటకు ఒక జవాబు, మరొక ఆటకు వేరొక జవాబు వచ్చాయి. కనుక తాము ఎక్కువగా ఆడే ఆటలోనే పరీక్ష చేసుకోవాలన్నది గమనించదగ్గ విషయం.

పెట్టె తెరిచి చూస్తే ప్రాసెసరు మీది ఫ్యాను దుమ్ముతో మూసుకుపోయి ఉన్నది. ఆ ప్రాంతంలో ఎటు చూసినా కట్టడాలే, గాలిలో దుమ్ముకు కొదవ లేదు. ప్రాసెసరు వేడెక్కితే కాలిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. దానికీ ఫ్యానుకూ మధ్య పూసే పేస్టు సంవత్సరాలు గడిస్తే ఎండిపోతుంది. దుమ్ము దులిపి పేస్టు మళ్ళీ పూయడానికి పెద్ద ఖర్చు కాదు. చూసి చూసి ఎండాకాలంలో మాత్రమే ఆట నెమ్మదిస్తున్నదంటే ముందు ఈ పని చేయించుకోవాలి.

అతనికి దొరికిన మరొక లోపం మెమరీ వేగం. 3000 వేగంతో పని చేయగల మెమరీ కొన్ననాటి నుంచీ 2133 వేగంతోనే నడుస్తున్నది. కంప్యూటరు మొదలయ్యేటప్పుడు వచ్చే బయోస్ అనే అమరికలో ఒక మీట మారిస్తే సరిపోయే పనికి ఏడేళ్ళుగా ఎవరూ పూనుకోలేదు. మొదటి తరం రైజన్ ప్రాసెసర్లు మెమరీ వేగం మీద ఎక్కువగా ఆధారపడతాయి. అంతేగాక మెమరీ ఒకే ముక్కగా కాక రెండు ముక్కలుగా ఉంటే సరుకు రెండు దారుల్లో వస్తుంది. అతడు అదే వేగం గల మరొక 8 జి.బి. ముక్క కొని పెట్టాడు. ఈ మూడు పనులతో ఆట ఆగి ఆగి నడవడం చాలావరకు తగ్గిపోయింది.

ఒక్క ముక్కా, మూడు ముక్కలా?

పరీక్షలో అడ్డు ప్రాసెసరే అని తేలినా, వెంటనే దుకాణానికి పరుగెత్తకూడదు. ప్రాసెసరును మార్చడమంటే ఒక్కొక్కసారి ఒక్క ముక్కను మార్చడం, ఒక్కొక్కసారి మూడింటిని మార్చడం. అది మదర్ బోర్డు మీద ఆధారపడి ఉంటుంది. బోర్డు మీద ప్రాసెసరు కూర్చునే గూడును సాకెట్ అంటారు. గూడు మారితే బోర్డు మారాలి. బోర్డు మారితే చాలాసార్లు మెమరీ కూడా మారాలి. కుర్రవాడు మొదట అడిగిన రూ. 38,500 ఇటువంటి మూడు ముక్కల లెక్కే.

ఇంటెల్‌లో గూడు రెండు మూడు తరాలకు ఒకసారి మారిపోతున్నది. రెండు, మూడు తరాలకు ఒక గూడు. నాలుగవ తరానికి వేరొకటి. ఆరు, ఏడు తరాలకు ఒకటి. ఎనిమిది, తొమ్మిది తరాల గూడు చూడడానికి ఆరు, ఏడు తరాల గూడులాగే ఉంటుంది. కాని పాత బోర్డులో ఎనిమిదవ తరం ప్రాసెసరు పని చేయదు. ఆకారం చూసి కొని మోసపోయినవారు కొందరున్నారు. పది, పదకొండు తరాలకు ఇంకొక గూడు. పన్నెండు నుంచి పద్నాలుగు వరకు మరొకటి. కాబట్టి నాలుగవ తరం ఇంటెల్ యంత్రం ఉన్నవారు అదే గూడులో కూర్చునే ఐ7ను పాత సరుకుగా కొనుక్కోవడం తప్ప మరొక ఒంటి ముక్క మార్గం లేదు.

ఏ.ఎం.డి. సంగతి వేరు. ఎ.ఎం. 4 అనే గూడులో 2017 నాటి రైజన్ మొదటి తరం నుంచి 5000 వరుస వరకు కూర్చుంటాయి. 2022లో ఆ కంపెనీ తన మొదటి నాటి 300 వరుస బోర్డులకు కూడా 5000 వరుస ప్రాసెసర్లను అనుమతించింది. అంటే ఈ కుర్రవాని పాత బోర్డు మీదనే 2022 ఏప్రిల్‌లో విడుదలైన రైజన్ 5 5600ను కూర్చోబెట్టవచ్చు. రెండింటిలోనూ కోర్లు ఆరే. కాని కొత్త దానిలో ఒక్కొక్క కోరు చేసే పని ఎంతో ఎక్కువ. కూలీల సంఖ్య చూసి చేవను అంచనా కట్టరాదన్నది ఇక్కడ తెలుస్తుంది.

అయితే ముందుగా బోర్డు తయారీదారు ఇచ్చిన జాబితాలో ఆ ప్రాసెసరు పేరు ఉన్నదో లేదో చూసుకోవాలి. పాత ప్రాసెసరు ఉండగానే బయోస్‌ను కొత్తదిగా మార్చుకోవాలి. ఈ పని జరుగుతుండగా కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోయే ప్రమాదం ఉన్నది. పల్లెలో ఉండి చేసేవారు ఇన్వర్టరు లేదా యు.పి.ఎస్. లేనిదే దీనికి పూనుకోకూడదు. గాలివాన వచ్చే సాయంత్రాలలో అసలే వద్దు.

ఎ.ఎం. 4 తరువాత 2022లో వచ్చిన ఎ.ఎం. 5 గూడుకు డి.డి.ఆర్. 5 అనే కొత్త రకం మెమరీ తప్పనిసరి. 2025 చివరి నెలల్లో ప్రపంచమంతటా మెమరీ ధరలు విపరీతంగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కడుతున్న పెద్ద పెద్ద డేటా కేంద్రాలు మెమరీ చిప్‌లను ఎగబడి కొనడమే ఇందుకు ముఖ్య కారణం. పాత మెమరీ చేతిలో ఉన్నవారు దానిని తీసి పారవేసి కొత్తది కొనే ముందు రెండుసార్లు ఆలోచించుకోవాలి.

ల్యాప్‌టాప్ ఉన్నవారికి ఈ బాధే లేదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసరును బోర్డుకే అతికించి ఉంచుతారు. దానిని మార్చి ఇస్తామని ఎవరైనా అంటే నమ్మకూడదు. మెమరీ, ఎస్.ఎస్.డి. మాత్రం చాలా వాటిలో పెంచుకోవచ్చు.

విండోస్ తెచ్చిన చిక్కు

ఆటలతో సంబంధం లేకుండా మరొక కారణం కూడా కొందరిని కొత్త ప్రాసెసరు వైపు నెడుతున్నది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేసుకోవాలంటే ఇంటెల్‌లో ఎనిమిదవ తరం, ఏ.ఎం.డి.లో రైజన్ 2000 వరుస లేదా ఆ పైన ఉండాలన్నది మైక్రోసాఫ్ట్ నియమం. కొన్ని ఆటలు కూడా విండోస్ 11 మీద కొన్ని భద్రతా ఏర్పాట్లు ఉంటేనే నడుస్తాయి. పై కుర్రవాని 1600 ఈ జాబితాలో లేదు, 5600 ఉన్నది. బ్యాంకు పనులు, ఉద్యోగ దరఖాస్తులు అదే కంప్యూటరులో చేసుకునేవారికి ఇది ఆటకన్నా బలమైన కారణం.

కొనేటప్పుడు

హైదరాబాదులో విడిభాగాలకు పేరుపడిన చోటు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. హైటెక్ సిటీ స్టేషనులో మెట్రో ఎక్కితే బండి మారకుండా పారడైజ్ స్టేషనులో దిగవచ్చు. ఒకే దుకాణంలో అడిగి కొనకుండా నాలుగు చోట్ల ధర అడగాలి. జి.ఎస్.టి. బిల్లు లేని సరుకు వైపు పోరాదు. బిల్లు లేకపోతే వారంటీ దక్కదు. పాత ప్రాసెసరు కొనేవారు దానిని ఒక యంత్రంలో పెట్టి నడిపి చూపించమనాలి. ఎ.ఎం. 4 రకం ప్రాసెసరుకు అడుగున సన్నని పిన్నులుంటాయి. అవి ఒంగి ఉంటే తీసుకోకూడదు. తీసివేసిన పాత ప్రాసెసరుకు కూడా ఎంతో కొంత ధర పలుకుతుంది.

చివరకు జరిగింది

చేవెళ్ళ రైతు కుమారుడు తండ్రి దగ్గర తీసుకున్నది రెండవ మెమరీ ముక్కకు సరిపడా డబ్బు మాత్రమే. మిగిలినది యాసంగి విత్తనాలకు, బోరులో ఇంకా మిగిలి ఉన్న పాత పైపులు మార్చడానికి పోయింది. ఆ తరువాత రెండు నెలలు జీతంలో కొంత మిగుల్చుకుని, తన డబ్బుతోనే 5600 ఒక్కటి కొని అదే బోర్డు మీద పెట్టుకున్నాడు. మొదట అడిగిన రూ. 38,500లో మూడవ వంతుకే పని ముగిసింది. కథ నడిచే పెద్ద ఆటలు మునుపటిలాగే నడుస్తున్నాయి, ఎందుకంటే అక్కడ అడ్డు కార్డుది. ఆదివారం ఆట మాత్రం ఆగకుండా సాగుతున్నది.

సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు అతడు పాత 1600ను చిన్న డబ్బాలో పెట్టి తెచ్చాడు. పదవ తరగతి చదువుతున్న తమ్ముడికి ఎప్పటికైనా ఒక యంత్రం కూర్చవచ్చని అతని ఆలోచన. దానికి బోర్డు, మెమరీ ఎంతవుతాయో తండ్రి అడిగి, ధరలు కాస్త దిగే దాకా ఆగుదామన్నాడు. డబ్బా ఇప్పుడు బీరువాలో భద్రంగా ఉన్నది.